ఖమ్మంలో మా కాలనీ స్టీల్ కంచాల బ్యాంకు: ప్రాజెక్టు డైరీ

ఫంక్షన్లలో వాడి పారేసే ప్లేట్లు, కప్పులు, వాటర్ బాటిళ్ల బదులు కాలనీ మొత్తానికీ కలిపి ఒక స్టీల్ సెట్ పెట్టుకున్నాం. ఇలాంటి పని ఇంకోచోట మొదలుపెట్టాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ. మా కొలతలు, ఖర్చులు, పనికిరాకుండా పోయిన పద్ధతులు, వాటి బదులు ఏం చేశామన్నదీ రాస్తున్నాను. ఆలోచన మాది కాదు. సిద్దిపేటలో మున్సిపాలిటీ చొరవతో స్టీల్ బ్యాంకులు వచ్చాయి. 2015లో కేరళలో జరిగిన జాతీయ క్రీడల్లో హరిత నియమావళి పెట్టి డిస్పోజబుల్స్ వాడకం తగ్గించారు. మేం కొత్తగా నేర్చుకున్నది ఒక్కటే. కంచాలు కొనడం ఒక పూట పని, వాటిని తోమే ఏర్పాటు కుదరడానికే నెలలు పట్టింది. అందుకే ఇందులో ఎక్కువ భాగం తోమడం గురించే ఉంటుంది.

దశ 0: చెత్త తూకం

ఏం కొనాలో తేలాలంటే ముందు ఏం పారేస్తున్నామో తెలియాలి. కాలనీలో ఒక ఓణీల ఫంక్షన్‌కి 220 మంది భోంచేశారు. అంతా మామూలు డిస్పోజబుల్స్‌తోనే నడిచింది. ఇంటివాళ్ల అనుమతి తీసుకుని, చెత్తబండి రాకముందే సంచులన్నీ టార్పాలిన్ మీద విప్పి, రకాలవారీగా వేరు చేసి తూచాం.

సామాను: 50 కిలోల వరకు తూచే వేలాడదీసే డిజిటల్ కాటా, గోనె సంచులు, రబ్బరు గ్లవ్స్, టార్పాలిన్, నోట్‌బుక్.

పొడి చెత్త:
1. బఫే ప్లేట్లు (ఎంగిలి దులిపాక): 6.1 కిలోలు
2. 250 మి.లీ. వాటర్ బాటిళ్లు, సుమారు 380: 4.2 కిలోలు
3. టీ కప్పులు, స్వీటు కప్పులు, పెరుగు కప్పులు: 1.9 కిలోలు
4. బల్లల మీద పరిచే ప్లాస్టిక్ రోల్: 1.4 కిలోలు
5. పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు, కూరగాయల కవర్లు: 2.2 కిలోలు

మొత్తం 15.8 కిలోలు. మనిషికి 72 గ్రాములు.

తడి చెత్త: ప్లేట్లలో వదిలేసిన అన్నం, కూరలు 27 కిలోలు (మనిషికి 123 గ్రాములు), వంటదగ్గర తొక్కలు, కాడలు 19 కిలోలు.

బాటిళ్ల దగ్గర ఆగిపోయాం. చాలావాటిలో రెండు గుక్కలు తాగి మూత పెట్టేసిన నీళ్లున్నాయి. అన్నీ బకెట్లలోకి వంచి కొలిస్తే 31 లీటర్లు. 380 బాటిళ్లంటే 95 లీటర్లు, అంటే మూడో వంతు నోటికే చేరలేదు. శుద్ధి చేసి, సీసాలో నింపి, సీలు వేసి, లారీలో తెచ్చిన నీళ్లు మోరీలో పోశాం.

ఇక ప్లేట్లు. "పేపర్ ప్లేటే కదా, మట్టిలో కలిసిపోతుంది" అని అందరూ అనేమాట. వెండిరంగు ప్లేటు ఒకటి, టీ కప్పు ఒకటి తెచ్చి వేడినీళ్ల బకెట్‌లో రాత్రంతా నానేశాను. పొద్దున బొటనవేలితో రుద్దితే అట్ట గుజ్జుగా మారి ఊడొచ్చింది. కప్పు విషయంలో చేతిలో మిగిలింది కప్పు ఆకారంలోనే నిలబడ్డ పల్చటి ప్లాస్టిక్ పొర. వెలుగుకి పెట్టి చూస్తే అవతల ఉన్న కిటికీ ఊచలు కనబడుతున్నాయి. ప్లేటు నుంచి వచ్చిన వెండిరంగు పొరని రెండు చేతులతో లాగినా సాగింది గానీ తెగలేదు. ఎవరికైనా నచ్చజెప్పాలంటే ఈ పరీక్ష చేసి చూపించండి, అరగంట ఉపన్యాసం కంటే బాగా పనిచేస్తుంది.

ఆ పొర వల్లే పాత పేపర్లు కొనేవాళ్లు వీటిని ముట్టుకోరు. పేపరూ ప్లాస్టిక్కూ కలిసిపోయి, పైగా పప్పు, నూనె అంటుకుని ఉంటాయి కాబట్టి రెండు రకాల రీసైక్లింగ్‌కీ పనికిరావు. డంపింగ్ యార్డుకి వెళ్తాయి, లేదంటే ఖాళీ ప్లాటులో ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతా నిషేధం. పొర అద్దిన పేపర్ ప్లేట్లు, కప్పులు మాత్రం ఆ జాబితాలో లేవు. నిషేధం వచ్చాక ఫంక్షన్లలో వాడకం అంతా వీటి మీదికి మళ్లింది.

దశ 1: కొనుగోలు

షాపు నుంచి మూడు రకాల కంచాలు నమూనాకి తెచ్చి, వాటిలో వేడి సాంబారన్నం పెట్టుకుని నిలబడి తిని చూశాం.

గదుల కంచం, 310 గ్రాములు: బఫేలో పట్టుకుని నిలబడితే పెద్దవాళ్లకి చెయ్యి లాగేస్తోంది. గదుల మూలల్లో కూర ఇరుక్కుని పీచు ఆడదు. వద్దనుకున్నాం.
పల్చటి కంచం, 170 గ్రాములు: ఒక చేత్తో పట్టుకుంటే వంగుతోంది, రసం పోయగానే అడుగు కాలింది. వద్దు.
సాదా కంచం, గట్టు ఉన్నది, 240 గ్రాములు: ఇదే ఖాయం చేశాం.

స్టీలు 202 రకం. 304లో నికెల్ ఎక్కువ, తుప్పుకి బాగా ఆగుతుంది, కానీ మా బడ్జెట్‌కి అందలేదు. దీని ఫలితం దశ 2లో కనబడుతుంది.

1. కంచాలు 250 (60 కిలోలు): ₹15,600
2. గ్లాసులు 300 (19.5 కిలోలు): ₹5,850
3. చిన్న గిన్నెలు 250 (12.5 కిలోలు): ₹3,750
4. చెంచాలు 300 (4.5 కిలోలు): ₹1,350
5. టబ్బులు 4: ₹1,800
6. రంధ్రాలున్న ప్లాస్టిక్ క్రేట్లు 8: ₹2,800
7. కాటా: ₹600

ఇప్పటిదాకా ఖర్చు: ₹31,750. కొన్న స్టీలు: 96.5 కిలోలు.

ఆ కిలోల లెక్క ఊరికే రాయలేదు. టన్ను ఉక్కు తయారీకి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలుకి ఇంకా ఎక్కువే కావచ్చు. బీరువాలో దుమ్ము పట్టే స్టీలు కంచం పేపర్ ప్లేటు కంటే పెద్ద నష్టం. కాబట్టి ఈ సామాను ఎంతమంది తినడానికి బయటికొచ్చింది అన్నదే మా అసలు కొలత.

దశ 2: తోమడం, మొదటి పద్ధతి

మొదటి ఫంక్షన్ శ్రీమంతం, 160 మంది. పొడి చెత్త 5.4 కిలోలు, మనిషికి 34 గ్రాములు. బాటిళ్లు ఇంకా వాడారు కాబట్టి అంతకంటే తగ్గలేదు. మనిషికి 72 గ్రాముల పాత లెక్కతో పోలిస్తే తగ్గిన చెత్త 6.1 కిలోలు. తోమే దగ్గర మాత్రం అన్నీ అడ్డం తిరిగాయి.

నీళ్లు: వెయ్యి లీటర్ల ట్యాంకులో వెదురు కర్ర పెట్టి ముందూ తర్వాతా కొలిచాం. 640 లీటర్లు ఖర్చయ్యాయి, మనిషికి 4 లీటర్లు. నల్లా విప్పి వదిలేసి, ధార కింద ఒక్కొక్క కంచం పెట్టి కడిగారు. ఎండాకాలం బోరు ఎండిపోయే కాలనీలో ఇది నడిచే పద్ధతి కాదు. "స్టీలు అంటే నీళ్ల దండగ" అని అన్నవాళ్ల మాట ఈ ఫంక్షన్ వరకు నూటికి నూరుపాళ్లు నిజం.

మోరీ: అన్నం మెతుకులు, కరివేపాకు, నూనె కలిసి గడ్డకట్టి మోరీ పూడిపోయింది. మర్నాడు మనిషిని పెట్టి తీయించాల్సి వచ్చింది.

పోయిన సామాను: 9 కంచాలు, 22 చెంచాలు. చెంచాలు ఎంగిలితో పాటు బకెట్‌లో పడి చెత్తలోకి వెళ్లిపోయాయి.

చుక్కలు: సూక్ష్మక్రిములు చావాలని కడిగిన సామాను రాత్రంతా బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో ఉంచారు. పొద్దున చెంచాల మీద, 14 కంచాల మీద గోధుమరంగు చుక్కలు. బ్లీచింగ్‌లో ఉండే క్లోరిన్ స్టెయిన్‌లెస్ స్టీలుని చిన్న చిన్న గుంటలుగా తినేస్తుంది, 202 రకాన్ని ఇంకా తొందరగా. చింతపండుతో తోమితే రంగు పోయింది గానీ గుంటలు అలాగే ఉన్నాయి. వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది. స్టీలు సామానుకి బ్లీచింగ్ వద్దే వద్దు.

మనుషులు: అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. తోమడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఇంటి వెనక చీకట్లో, బురదలో గొంతుక్కూర్చుని మూడు గంటలు పనిచేశారు. చెత్త తగ్గించామని మనం సంబరపడితే ఆ భారం మొత్తం వాళ్ల నడుం మీద పడింది. ఇలాగైతే ఈ పని ఆపేయడమే న్యాయం అని కమిటీలో గట్టిగానే అనుకున్నాం.

ఆ ఇద్దరిలో పెద్దావిడ కంచం నా ముందు పెట్టి చెప్పింది: "నల్లా కింద పెడితే నీళ్లు పోతయ్ సార్, జిడ్డు పోదు. మా ఊర్ల పెండ్లిళ్లకు గంగాళాలు వరసగ పెట్టుకునేటోళ్లం. ముందు నానాలె." తర్వాతి పద్ధతి మొత్తం ఆవిడ చెప్పినదాని మీదే కట్టాం.

మార్పులు:
1. నడుం ఎత్తులో (75 సెంటీమీటర్లు) ఇనుప స్టాండు వెల్డింగ్ చేయించాం: ₹2,400. టబ్బులు దానిమీదే, నిలబడి తోమవచ్చు.
2. ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు, వైరు: ₹900.
3. కూలి ఒక్కొక్కరికి ₹700, భోజనం కాకుండా. ఫంక్షన్ మొదలవకముందే చేతికిస్తాం. తర్వాత ఇస్తామంటే ఇంటివాళ్ల హడావుడిలో బేరాలు, మర్చిపోవడాలు ఉంటాయి.
4. తోమే చోటు కమిటీ వచ్చి చూసి ఒప్పుకున్నాకే సామాను బయటికిస్తాం. చోటు లేదంటే సామాను లేదు.

ఇప్పటిదాకా ఖర్చు: ₹35,050.

చెంచాల కోసం ఎంగిలి బకెట్ అంచుకి అయస్కాంతం కట్టి చూశాం. ఒక్కటీ అంటుకోలేదు. 202, 304 రకాలు రెండూ అయస్కాంతానికి దాదాపుగా అంటవు. మీరు కొన్న చెంచాలు అంటుకునే రకమైతే ఈ ఉపాయం మీకు పనికిరావచ్చు. మేం బకెట్ మీద అంగుళం కన్నుల ఇనుప జాలీ వేశాం. మెతుకులు దిగిపోతాయి, చెంచా పైన అడ్డంగా నిలుస్తుంది.

దశ 3: టబ్బుల వరుస

రెండో ఫంక్షన్ గృహప్రవేశం, 180 మంది. మూడు టబ్బులూ విడివిడిగా నింపి, మురికి పట్టినప్పుడల్లా పారబోసి మళ్లీ నింపాం. నీళ్లు 405 లీటర్లు, మనిషికి 2.25. మునుపటి కంటే నయమే గానీ చాలదు. మూడో టబ్బులో పారబోస్తున్న నీళ్లు చూస్తే తాగే నీళ్లలా తేటగా ఉన్నాయి. అక్కడే దారి దొరికింది. ఇప్పుడు కొత్త నీళ్లు మూడో టబ్బులోనే పోస్తాం, అక్కడి నుంచి వెనక్కి నడుస్తాయి.

ప్రస్తుతం వాడుతున్న వరుస:
1. తిన్నవాళ్లు కంచాన్ని జాలీ బకెట్ మీద రబ్బరు పట్టీతో గీకి, పక్కనున్న క్రేట్‌లో పెడతారు. పక్కన ఒక మనిషి నిలబడి ఉండాలి, లేకపోతే ఎవరూ గీకరు.
2. మొదటి టబ్బు (45 లీటర్లు): సబ్బుపొడి కలిపిన గోరువెచ్చని నీళ్లు. కంచాలు కనీసం ఐదు నిమిషాలు నానాలి, తర్వాత కొబ్బరి పీచుతో తోమడం.
3. రెండో టబ్బు: సబ్బు వదిలించే కడుగు.
4. మూడో టబ్బు: మంచినీళ్ల కడుగు.
5. పొయ్యి మీద డేగిసాలో 80 డిగ్రీలకి పైన కాగుతున్న నీళ్లు. బూరెలు తీసే పెద్ద జల్లిలో కంచాలు సర్ది అర నిమిషం ముంచి తీయడం. బ్లీచింగ్ బదులు ఇదే. వేడెక్కిన స్టీలు బయటికి తీయగానే దానంతటదే ఆరిపోతుంది, ఇదింకో లాభం.
6. క్రేట్‌లో నిలువుగా నిలబెట్టడం. తడివి ఒకదానిమీద ఒకటి బోర్లిస్తే రాత్రికే వాసన వస్తుంది. మా బోరు నీళ్లలో ఉప్పుశాతం ఎక్కువ కాబట్టి తెల్ల మచ్చలు కూడా పడతాయి. పొడిగుడ్డతో తుడిచి పెట్టాలి.

నీళ్లు ఎప్పుడు మార్చాలన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారు. ఇప్పుడు ప్రతి టబ్బు అడుగున ఒక చెంచా వేస్తున్నాం. మూడో టబ్బులో చెంచా మసకగా కనబడితే మొదటి టబ్బు ఖాళీ చేసి, రెండోదాని నీళ్లు మొదటిదానికి, మూడోదాని నీళ్లు రెండోదానికి మార్చి, మూడోదానిలో కొత్తవి పోస్తాం. ఎవరినీ అడగక్కర్లేదు.

మొదటి టబ్బు నుంచి పారబోసే నీళ్లని బట్ట కట్టిన బుట్టలోంచి మోరీలోకి వదులుతాం. ఆ బట్ట మీద చేరే జిడ్డు చూస్తే మొదటి ఫంక్షన్‌లో మోరీ ఎందుకు పూడిందో తెలుస్తుంది. సబ్బు, నూనె ఉంటాయి కాబట్టి ఈ నీళ్లు మొక్కలకి పోయడం లేదు.

రెండో ఫంక్షన్ లెక్క: పొడి చెత్త 4.1 కిలోలు, మనిషికి 23 గ్రాములు. పోయినవి 3 కంచాలు, 8 చెంచాలు. ఇప్పటిదాకా తగ్గిన చెత్త: 15 కిలోలు.

ఆ ఇంటివాళ్లకి అయిన ఖర్చు: కూలి ₹1,400, గ్యాసు ₹150, సబ్బుపొడి, పీచు ₹120, బ్యాంకు మరమ్మతు నిధికి ₹230. మొత్తం ₹1,900, మనిషికి పదిన్నర రూపాయలు. డిస్పోజబుల్స్, బాటిల్ కలిపితే మనిషికి ₹15 దాకా అయ్యేది. ఈ అంకె చెప్పాకే మిగతా ఇళ్లవాళ్లు మమ్మల్ని పిలవడం మొదలుపెట్టారు. పర్యావరణం మాట చెప్పి ఒప్పించగలిగింది కొందరినే.

దశ 4: నీళ్లు, టీ

బాటిళ్లు తీసేసి నల్లాలున్న స్టీలు డ్రమ్ములు రెండు పెట్టాం: ₹3,600. ఇప్పటిదాకా ఖర్చు: ₹38,650.

ముందు డ్రమ్ము పక్కన గ్లాసులు ఊరికే పేర్చాం. ప్రతి ఒక్కరూ ఒక గుక్క తాగి గ్లాసు ఎక్కడో పెట్టేసి, మళ్లీ కొత్తది తీసుకున్నారు. సగం భోజనాల్లోనే 300 గ్లాసులు అయిపోయాయి. ఇప్పుడు భోజనాల దగ్గర జగ్గుతో తిరిగి పోసే మనిషిని పెడుతున్నాం, బల్ల దగ్గర ఒక్కో మనిషికి ఒక్క గ్లాసే. డ్రమ్ము బయట నిలబడి తాగేవాళ్లకి మాత్రమే.

టీకి పేపర్ కప్పు మానిపించడం కష్టమైంది, ఎందుకంటే స్టీలు గ్లాసు వేళ్లకి కాలుతుంది. చిన్న గిన్నెలో గ్లాసు పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాక సర్దుకుంది. వినని వాళ్లకి ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధన చెప్పాను. 85–90 డిగ్రీల వేడి ద్రవం వంద మిల్లీలీటర్లు పేపర్ కప్పులో పావుగంట ఉంటే, లోపలి పొర నుంచి సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో కలుస్తాయని 2020లో వాళ్లు బయటపెట్టారు. నానేసిన కప్పు నుంచి ఊడొచ్చిన పొరని పక్కన పెట్టి ఈ మాట చెబితే ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు.

దశ 5: మాంసం, శాకం, కర్మ

ఇది రాయకుండా దాటేస్తే ఈ డైరీ చదివి మొదలుపెట్టేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. మూడో ఫంక్షన్ నిశ్చితార్థం, మటన్ భోజనం, 240 మంది. అది తెలియగానే, మాంసం తినని ఇళ్లవాళ్లు అవే కంచాలు తమ ఫంక్షన్లకి వద్దన్నారు. కాగే నీళ్లలో ముంచితే శుభ్రమే అని వాదించి ఉపయోగం లేదు. తిండి దగ్గర మనిషికి రోత పుడితే ఆ కంచం అక్కడికి రాదు, మళ్లీ పేపర్ ప్లేటే వస్తుంది. రెండో సెట్ కొన్నాం: 250 కంచాలు, 250 గిన్నెలు, 72.5 కిలోలు, ₹19,350. ఆకుపచ్చ క్రేట్లవి శాకానికి, ఎర్రవి మాంసానికి. తోమే పీచులు కూడా వేరు.

అన్ని కంచాల మీదా చుక్కల అక్షరాలతో కాలనీ పేరు కొట్టించాం, మన ఇళ్లలో పెళ్లి సామాను మీద పేర్లు కొట్టించినట్టే: ₹1,000. ఎర్ర సెట్‌కి అక్షరాల కింద ఒక గీత అదనం. పేరు పడ్డాక దారితప్పి వంటవాళ్ల సామానులో కలిసిన కంచాలు కూడా వెనక్కి వస్తున్నాయి. మూడో ఫంక్షన్‌లో పోయింది ఒక కంచం, 4 చెంచాలు.

ఇప్పటిదాకా ఖర్చు: ₹59,000. కొన్న స్టీలు: 169 కిలోలు.

పదకొండో రోజు, పన్నెండో రోజు భోజనాలకి వాడిన కంచాలు శుభకార్యాలకి వాడడానికి మాత్రం రెండు సెట్లలో దేనికీ ఎవరూ ఒప్పుకోలేదు. అక్కడ పంతం పట్టలేదు. వాటికి విస్తరాకులు తెప్పిస్తున్నాం. తెలంగాణలో మోదుగాకు, తూర్పు కనుమల ఏజెన్సీ నుంచి వచ్చే అడ్డాకు రెండూ దొరుకుతాయి. పుల్లలతో కుట్టినవే తీసుకోండి. మిషన్ మీద నొక్కిన ఆకు ప్లేట్లలో కొన్నిటికి అడుగున ప్లాస్టిక్ పొర గానీ, పొర అద్దిన అట్ట గానీ ఉంటుంది. పైన చెప్పిన నానేసే పరీక్ష వీటికీ చేయండి. కుట్టిన విస్తళ్లు అన్నం మెతుకులతో సహా నేరుగా ఎరువు గుంటలోకి వెళ్తాయి, తోమే పనే లేదు. చోటు, నీళ్లు రెండూ లేని ఇళ్లకి స్టీలు కంటే ఇవే మంచివని నా అభిప్రాయం.

మూడో ఫంక్షన్ లెక్క: నీళ్లు 360 లీటర్లు, మనిషికి 1.5. పొడి చెత్త 2.6 కిలోలు, మనిషికి 11 గ్రాములు. మిగిలిందంతా దాదాపు పాలు, నూనె ప్యాకెట్లే. ఇప్పటిదాకా తగ్గిన చెత్త: 29.6 కిలోలు.

దశ 6: కంచంలో మిగిలేది

బఫేలో జనం ఒక్కసారే కొండలా ఎందుకు పెట్టుకుంటారో వరుస చూస్తే అర్థమైంది. మళ్లీ పది నిమిషాలు నిలబడాలన్న భయం. రెండో కౌంటరు తెరిచి, అన్నం గరిటె చిన్నది పెట్టేసరికి మనిషికి 123 గ్రాములున్న ఎంగిలి 84కి దిగింది. బంతిలో కూర్చోబెట్టి మారు అడిగి వడ్డించిన ఒక ఫంక్షన్‌లో 52 గ్రాములే. వడ్డించే మనుషులు దొరికితే బంతికి మించింది లేదు.

తడి చెత్త డంపింగ్ యార్డులో గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకి పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అందుకే తొక్కలు, కాడలు, విస్తళ్లు కాలనీ పార్కులోని గుంటలో వేస్తున్నాం: ఒక బకెట్ తడికి రెండు బకెట్ల ఎండుటాకులు. వండిన అన్నం కలిపి చూశాం. ముద్దకట్టి, పురుగు పట్టి, పార్కు చుట్టుపక్కల వాళ్లు తలుపులు తీయలేకపోయారు. వండినది, నూనె ఉన్నది గుంటలో వేయడం ఆపేసి, వేరే డబ్బాలో కార్పొరేషన్ బండికి ఇస్తున్నాం.

బండి విషయంలో ఒక మాట. 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల్లోనే, లైసెన్సు లేని చోట వందమందికి మించిన కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకి తెలియజేయాలని, చెత్త అక్కడే వేరు చేయాలని ఉంది. మేం ప్రతి ఫంక్షన్‌కీ ఆ కాగితం ఇస్తున్నాం. మర్నాడు పొద్దున్నే బండి వస్తుంది.

ఇప్పటి మొత్తం

ఆ తర్వాత జరిగిన ఫంక్షన్లన్నీ కలిపి 620 మంది, పొడి చెత్త 7.1 కిలోలు.

1. స్టీలులో తిన్నవాళ్లు: 1,200 మంది
2. తగ్గిన పొడి చెత్త: 67 కిలోలు
3. ఖర్చు: ₹59,000
4. కొన్న స్టీలు: 169 కిలోలు

వీటిలో రెండో అంకె, నాలుగో అంకె పక్కపక్కన పెట్టి చూడండి. బరువుకి బరువు చూసుకున్నా మేమింకా బాకీ ఉన్నాం. మూడో ఫంక్షన్‌లోలా మనిషికి 61 గ్రాముల (72లోంచి 11 పోగా) చొప్పున తగ్గుతుంటే, మిగిలిన 102 కిలోలు పూడడానికి ఇంకో 1,700 మంది దాకా తినాలి. పేపరుకీ ఉక్కుకీ తయారీలో అయ్యే ఖర్చు ఒకటి కాదు కాబట్టి ఇది మోటు లెక్కే. కానీ ఈ లెక్క గోడమీద రాసిపెట్టుకోవడం వల్ల, సెట్ ఖాళీగా ఉన్న వారం పక్క కాలనీకి ఇవ్వడం మొదలుపెట్టాం. మేమే మొదట చిన్న కాలనీకి 500 కంచాలు కొనకుండా, రెండు మూడు కాలనీలు కలిసి ఒక సెట్ పెట్టుకుని ఉంటే బాకీ ఎప్పుడో తీరేది. మీరు మొదలుపెడితే అలాగే చేయండి.

మొదలుపెట్టే వరుస కూడా మా దానికి తిరగేసి వెళ్లండి:
1. తోమే చోటు, స్టాండు, లైటు
2. తోమే మనుషులతో మాట, కూలి
3. టబ్బులు, డేగిసా, జల్లి. టెంట్ హౌస్ నుంచి అద్దె కంచాలు తెచ్చి ఒక ఫంక్షన్ నడిపి చూడటం
4. అది కుదిరాకే కంచాల కొనుగోలు

పెండింగ్‌లో ఉన్నవి: పాల ప్యాకెట్ల బదులు క్యాన్లలో పాలు పోసే డెయిరీతో మాట్లాడుతున్నాం. నూనె 15 కిలోల డబ్బాల్లో తీసుకుంటే ప్యాకెట్లు పోతాయి, ఖాళీ డబ్బాని పాత ఇనుము కొనేవాళ్లు తీసుకుంటారు. గుంటలు పడ్డ 14 కంచాలు కూడా వాళ్లకే వేసి, ఆ డబ్బు మరమ్మతు నిధిలో కలిపాం. తోమే ఇద్దరూ రెండో టబ్బు కాస్త ఎత్తు తగ్గించమని అడిగారు, స్టాండు ఈ వారం వెల్డింగ్ షాపుకి వెళ్తోంది.